ఊపిరి ఆపని మిషన్

మా నాయిన పోయిన తర్వాత పెట్టిన ఆదరణ కూటంలో పాస్టరయ్య ఒక సాక్ష్యం చెప్పాడు. మనూర్ అవతల ఒక బావి మీద కంప్రెసర్ పేలబోతుంటే దేవదూత దిగివచ్చి ఇనుప ట్యాంకును రెండు చేతులతో అదిమి పట్టుకుందట. అందుకే బావి అడుగున ఉన్న ఇద్దరు మనుషులు బతికి బయటపడ్డారట. కూటంలో ఉన్నవాళ్లంతా ఆమెన్ అన్నారు. ఆ బావి ఉన్న ఊరికి పోతే కథ ఇంకో తీరుగా ఉంటుంది. గంగమ్మకు మొక్కకుండా రాయి కొట్టినందుకు మిషన్‌కు పూనకం వచ్చిందని, బావి తవ్వించిన పటేల్ కొబ్బరికాయ కొట్టగానే దిగిందని అక్కడివాళ్లు చెప్తారు. నాకు దేవుడి మీద నమ్మకం ఉంది. గంగమ్మను నమ్మేవాళ్ల మీద కోపం లేదు. కానీ ఆ రోజు నేను ఆ మిషన్‌కు చెయ్యి చాపినంత దూరంలో ఉన్నాను. నేను చూసింది ఒక ఇనుప తీగను, ఒక రబ్బరు పైపును, ముగ్గురు మనుషుల చేతులను. రెండు కథల్లోనూ ఆ చేతులు లేవు. నాయిన పోయాడు, పటేల్ అంతకుముందే పోయాడు. కళ్లతో చూసినవాళ్లం ముగ్గురం మిగిలాం. మేమూ పోతే ఇక కథలే ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాయిన పేరు సామేలు. చిన్న వయసులో రాళ్లు కొట్టాడు, తర్వాత ఇంకొకరి కంప్రెసర్ మీద కూలి చేశాడు, చివరికి బీదర్‌లో ఒక పాత కంప్రెసర్ కొని నారాయణఖేడ్ తెచ్చుకున్నాడు. అది రెండు చక్రాల బండి మీద బిగించిన డీజిల్ ఇంజను. ఇంజను వెనక గాలిని పీల్చి నలిపే యంత్రం, దాని పక్కన ఆ నలిగిన గాలిని దాచుకునే ఇనుప ట్యాంకు. కిరాయి ట్రాక్టరుకు తగిలించి ఊరూరా తీసుకుపోయేవాళ్లు. ట్యాంకు నుంచి రెండు లావుపాటి రబ్బరు పైపులు బావిలోకి దిగేవి. ఒక్కో పైపు కొసకు ఒక జాక్‌హ్యామర్, దాని మూతికి పొడుగాటి ఉక్కు రాడ్డు. పైనుంచి వచ్చే గాలి తోస్తే ఆ రాడ్డు నల్లరాతిలోకి దిగేది. బోర్లు ఇంకా అంతగా రాని కాలం. మొరం దాటినాక రాయి తగలని బావి మా దిక్కు లేదు కాబట్టి ఎండాకాలమంతా మాకు పనే. ఆ మిషనే మాకు అన్నం పెట్టింది. మా నాయిన చెవులను తిన్నది కూడా అదే.

చెవుల్లో దూది కుక్కుకునేవాడు గాని, దూదితో ఆగే చప్పుడు కాదది. నాకు ఊహ తెలిసేసరికే మా ఇంట్లో అందరూ అరుచుకుంటూ మాట్లాడేవాళ్లం. కొత్తగా పక్కింట్లోకి వచ్చినవాళ్లు కొట్లాట అనుకుని తొంగిచూసేవాళ్లు. మా అమ్మ రూతమ్మకు అరిచే ఓపిక తక్కువ, అందుకని చేతులతో ఒక భాష తయారుచేసింది. అరచేయి తిప్పితే రొట్టె, వేళ్లు నలిపితే ఉప్పు, చెంప మీద చెయ్యి పెడితే ఇక పడుకో. రాత్రి ప్రార్థనలో అందరం కళ్లు మూసుకుంటాం కదా, నాయినకు ఆమెన్ వినబడదు, చెయ్యీ కనబడదు. మేం లేచి కంచాలు పెట్టుకున్నా ఆయన ఇంకా దేవుడి ముందే ఉండేవాడు. అమ్మ మోకాలితో ఆయన మోకాలును పొడిస్తే అప్పుడు కళ్లు తెరిచి, "అయిపోయిందా?" అని ఊరంతా వినబడేటట్టు అడిగేవాడు. సాయంత్రం పని నుంచి వచ్చాక రంపపు పొట్టు, కిరసనాయిలు కలిపి చేతులు రుద్దుకునేవాడు. ఆ తర్వాత సబ్బు. ఎంత రుద్దినా ఆయన కలిపిన జొన్నరొట్టె ముద్దలో సన్నగా డీజిలు వాసన వచ్చేది. చిన్నప్పుడు నాకు ఆ ముద్దే ఇష్టం.

చెవులు పోయినవాడు మిషన్ ఎట్లా నడిపాడని అడుగుతారు. అరచేత్తో నడిపాడు. పొద్దున ఇంజను పట్టగానే కుడి అరచేయి ట్యాంకు మీద ఆనించి కళ్లు మూసుకునేవాడు, బర్రె వీపు మీద చెయ్యి వేసినట్టు. ఏ నట్టు వదులైందో, ఇంజను ఎక్కడ తడబడుతుందో ఆ చేతికి తెలిసేది. కానీ బావి అడుగు నుంచి మనిషి అరిస్తే అరచేతికి తెలియదు. అందుకని పదో తరగతి తర్వాత చదువు ఆగిపోయిన నేను ఆయన చెవులుగా పనికి పోవడం మొదలుపెట్టాను. కింద నుంచి వచ్చే కేక విని, నాయినకు చేతులతో చెప్పడం నా పని. రెండు పిడికిళ్లు ఊపితే హ్యామర్ కొడుతున్నారు, అరచేతులు చాపితే ఆపారు.

నాకు ఇంకో పని కూడా ఉండేది. రాతి దుమ్ము పోతే మిషన్ లోపల గీసుకుపోతుంది కాబట్టి, గాలి పీల్చే నోటి దగ్గరున్న జాలీ మీద తడిపిన పాత చీర ముక్క ఒకటి కప్పేవాళ్లం. ఎండకు ఆరినప్పుడల్లా తడపాలి. రోజంతా ఆ గుడ్డ ముందు కూర్చునేసరికి నాకు ఒక సంగతి కనబడింది. హ్యామర్లు నడుస్తున్నంతసేపు గుడ్డ జాలీకి అతుక్కుని ఉంటుంది. కింద ఇద్దరూ ఆపేసిన కాసేపటికి గుడ్డ దానంతట అదే వదులై వేలాడుతుంది, ఇంజను గొంతు కూడా తగ్గుతుంది. మళ్లీ కొట్టడం మొదలుపెట్టగానే గుడ్డ చటుక్కున అతుక్కుంటుంది, ఇంజను గర్జిస్తుంది. ఎవరూ ముట్టుకోరు. మరి ఎవరు చెప్తున్నారు దానికి?

ఈ ప్రశ్న పట్టుకుని ఖేడ్ లైబ్రరీకి పోయాను. నా డిగ్రీలన్నీ ఆ చెక్క బెంచీ మీదనే అయ్యాయని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. పని లేని రోజుల్లో, వానాకాలంలో తెరిచినప్పటి నుంచి మూసేదాకా అక్కడే ఉండేదాన్ని. కథలు, జీవిత చరిత్రలు, గ్రహణాల గురించి, తేనెటీగల గురించి, ఏది దొరికితే అది. లైబ్రరీ చూసుకునే గఫూర్ సార్ నా ప్రశ్న విని నవ్వలేదు. లోపలి బీరువాలో అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం ఉంటే, పాలిటెక్నిక్ పిల్లలకు రాసింది, దుమ్ము దులిపి ఇచ్చాడు. "చదువు బిడ్డా. సమజ్ కాకుంటే మళ్లొక్కసారి చదువు. పుస్తకం యాడికి పారిపోదు" అన్నాడు. మొదటిసారి బొమ్మలు చదివాను, రెండోసారి మాటలు చదివాను.

అందులో ఉన్న సంగతి ఇది. కింద హ్యామర్లు గాలి వాడుకోకపోతే ట్యాంకులో గాలి పేరుకుని ఒత్తిడి పెరుగుతుంది. ఒక హద్దు దాటగానే రెగ్యులేటర్ అనే చిన్న డబ్బీ తెరుచుకుంటుంది. అది ట్యాంకులోని గాలినే పిసరంత తీసి ఒక సన్నని పైపులోకి వదులుతుంది. ఆ పైపు ముందుకు పోయి రెండుగా చీలుతుంది. ఒక పాయ మిషన్ నోటి దగ్గరున్న మూతను మూస్తుంది, ఇక పీల్చకు అని. రెండో పాయ ఇంజను వేగాన్ని పట్టుకున్న కడ్డీని వెనక్కి నెడుతుంది, ఇక నెమ్మదించు అని. కింద మళ్లీ గాలి వాడితే ఒత్తిడి దిగుతుంది, డబ్బీ మూసుకుంటుంది, నోరు తెరుచుకుంటుంది, ఇంజను లేస్తుంది. అంటే ఇంజను గాలిని తయారుచేస్తే, ఆ గాలే ఇంజనుకు హుకుం ఇస్తుంది. ఇవన్నీ పనిచేయకపోతే చిట్టచివరి దిక్కు ట్యాంకు నెత్తిన ఉండే సేఫ్టీ వాల్వు. ఒత్తిడి మరీ ఎక్కువైతే అది లేచి గాలిని బయటికి ఊదేస్తుంది. ఆ రాత్రి అన్నాల దగ్గర ఇదంతా నాయినకు చేతులతో చెప్పాను. రొట్టె, ఉప్పు కోసం పుట్టిన భాషలో కంప్రెసర్ గురించి చెప్పడం ఎంత కష్టమో చూడండి. నాయిన అంతా చూసి, నోట్లో ముద్ద పెట్టుకుని, "గది నా చేతికి ఎప్పుడో ఎరుకే. పేర్లే ఎరుక లేవు" అని, పేర్లన్నీ ఒకటొకటే నాతో మళ్లీ చెప్పించుకున్నాడు.

ఇప్పుడు తీగ సంగతి చెప్పాలి. మా దిక్కు, కల్హేర్ నుంచి నాగల్‌గిద్ద దాకా, బావి తవ్వించుకునే రైతులకు ఒక నమ్మకం ఉండేది. మిషన్ మోగితేనే పని జరుగుతున్నట్టు. ఇంజను గొంతు తగ్గిందంటే మిషన్ నిద్రపోతుందని, పనివాళ్లు దగా చేస్తున్నారని. అది ఎంత బలమైన నమ్మకమంటే, పొద్దున బావి మీదికి పోగానే వేగం తగ్గించే కడ్డీని ఇనుప తీగతో బండికి కట్టేసేవాళ్లు, మేమే కాదు ప్రతి కంప్రెసర్‌వాళ్లూ. అప్పుడు గాలి ఎంత చెప్పినా ఇంజను వినదు. పొద్దుగూకేదాకా ఒకే గొంతుతో గర్జిస్తుంది. డీజిలు దండగ, ఇంజను వేడి. అయినా మూత మూసుకుంటుంది కాబట్టి ప్రమాదం లేదు. పుస్తకం ప్రకారం నాకూ అంతే తెలుసు. అనుభవం ప్రకారం నాయినకూ అంతే తెలుసు.

ఆ బావి శివప్ప పటేల్‌ది. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే మనిషి, మంచం తెచ్చి మిషన్ పక్కనే వేయించుకున్నాడు. మా అక్క భర్త ప్రకాశం బావ, మల్లేశన్న అనే ఇంకో పనివాడు బావిలోకి దిగేవాళ్లు. ప్రకాశం బావ అంటే చుట్టుపక్కల పనివాళ్లలో పేరు. రాతిలో పేలుడు మందు పెట్టి అంటించినా వెనక్కి చూడకుండా నడిచి వస్తాడని చెప్పుకునేవాళ్లు. ప్రమాదానికి ముందు రోజు, డీజిలు మిగులుతుందని, కడ్డీ కట్టలేదు. ఇంజను తగ్గినప్పుడల్లా పటేల్ మంచం మీద నుంచి లేచాడు.

"ఏనప్పా సామేలూ, నీ మిషన్ కునుకు తీస్తుంది! లేపు!"

నాయినకు వినబడలేదు. నేనే చెప్పాను. "నిద్ర కాదు పటేలా. లోపట గాలి నిండింది, అందుకే తగ్గింది. కింద కొడితే మళ్ల లేస్తది."

"నీకెవరు చెప్పిన్రే?"

"పుస్తకంల ఉంది."

"అట్లయితే గా పుస్తకం బాయిల ఏస్త, నీళ్లు పడ్తయా చూద్దాం" అని ఆయన, మంచం చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ప్రకాశం బావ కూడా నవ్వాడు. "మా మరదలు చదివినంత నేను చదివితే కలెక్టర్ అయ్యేటోన్ని పటేలా" అన్నాడు.

ఆ నవ్వుల ఫలితంగా మర్నాడు పొద్దున బావ కడ్డీని తీగతో కట్టాడు. ఎప్పటికంటే గట్టిగా, కటింగ్ ప్లేయరుతో మెలితిప్పి మరీ. అంతకుముందు నెలలో రెగ్యులేటర్ నుంచి పోయే ఆ సన్నని పైపు పగిలింది. రాగిది దొరకక దాని స్థానంలో డీజిలు పోయే రబ్బరు పైపు వేసుకున్నాం. ఆ పైపు కడ్డీ పక్క నుంచే పోతుంది. బావ చుట్టిన తీగ కడ్డీతో పాటు ఆ రబ్బరు పైపును కూడా కలిపి బిగించింది, అది కూడా పాయలు చీలే చోటుకు ముందే. నూనె, దుమ్ము పట్టి అంతా ఒకటే నలుపు. ఎవరికీ కనబడలేదు.

ఎండ నడినెత్తికి రాకముందు జరిగింది. కింద నుంచి బావ కేక వేశాడు. "రాడ్డు పట్టుకుంది! ఆపిన!" రాడ్డు రాతి పగుల్లో ఇరుక్కుంటే హ్యామర్ ఆపి, గుంజి తీయాలి. అదే అదనని మల్లేశన్న కూడా తన హ్యామర్ ఆపి నీళ్ల కోసం కూర్చున్నాడు. నేను నాయినకు అరచేతులు చాపి చూపించాను. ఆయన తల ఊపి, బండికి అవతల పక్క పానాలు సర్దుకుంటున్నాడు. ఇంజను గొంతు తగ్గలేదు. తీగ కట్టాం కాబట్టి తగ్గదు. నేను అలవాటుగా గుడ్డ వైపు చూశాను.

గుడ్డ వదలలేదు. జాలీ గళ్లు గుడ్డ మీద అచ్చు దిగేంత గట్టిగా అతుక్కుని ఉంది. ఇంకా తడిగా ఉంది కదా, బరువుకు అంటుకుందేమో అనుకున్నాను. కొస పట్టుకుని గుంజాను. నా చేతిలో నుంచి లాక్కుంది. కింద గాలి వాడే హ్యామర్ ఒక్కటీ లేదు, మిషన్ మాత్రం పీలుస్తూనే ఉంది. ఒత్తిడి చూపే మీటరు అద్దం నూనెతో మసకబారి ఉంటే బొటనవేలితో తుడిచాను. ముల్లు ఎర్ర గీత దాటి ఉంది. నేను చూస్తుండగానే ఇంకా జరుగుతోంది. సేఫ్టీ వాల్వు వైపు తల ఎత్తాను. దానికి గోనె గుడ్డ చుట్టి ఉంది. నూనె తుంపర మనుషుల మీద చిమ్మకుండా మా దిక్కు అందరూ అట్లాగే చుట్టేవాళ్లు. ఆ గోనె కింద నూనె, దుమ్ము కలిసి గట్టిపడి వాల్వును సిమెంటు పోసినట్టు పట్టుకుందని తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, అది లేవలేదు.

పరుగెత్తి నాయిన భుజం మీద చరిచాను. చేతులకు ఏ సైగా రాలేదు. ఆయన నా ముఖం చూసి, లేచి ట్యాంకు మీద అరచేయి పెట్టి వెంటనే తీసేశాడు. డీజిలు నల్లా దగ్గరికి పోయి మూశాడు. ఇంజను ఆపే తీగ ఎప్పుడో తెగింది, మేం నల్లా మూసే ఆపేవాళ్లం. కానీ మూసినా, పైపులో మిగిలిన డీజిలు తాగేదాకా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. అది మామూలు రోజుల్లో బీడీ వెలిగించుకునేంత సేపు. నాయిన నా వైపు తిరిగి రెండు పిడికిళ్లు ఊపి, బావి వైపు చూపించాడు. కొట్టించు. గాలిని కిందనే ఖర్చు చేయించు. తర్వాత కటింగ్ ప్లేయరు తీసుకుని ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య సందులోకి ఒంటిని దూర్చాడు.

నేను బావి ఒడ్డున బోర్లా పడుకుని అరిచాను. "మల్లేశన్నా, కొట్టు! హ్యామర్ కొట్టు!"

"ఇప్పుడే కూసున్న గద చెల్లె. నీళ్లన్న తాగనియ్యి."

"చెంబు పారేసి కొట్టు!"

నా గొంతులో ఏం విన్నాడో, చెంబు వదిలేసి హ్యామర్ ఎత్తాడు. ఆయన రాడ్డు రాతి రంధ్రంలోనే ఉంది, వెంటనే దడదడ మొదలైంది. ఒక్క హ్యామర్ సరిపోదని నాకు తెలుసు. ఇంజను పూర్తి వేగంతో తిరుగుతోంది, రెండింటికి సరిపడా గాలి వస్తోంది. నా మోచేతి పక్కనే బావ హ్యామర్‌కు పోయే రబ్బరు పైపు ఉంది. దానికి పాత అతుకు ఒకటి. ఆ అతుకు దగ్గర పైపు మామిడికాయంత ఉబ్బింది. అది పగిలితే, లోపల అంత గాలి ఉన్న పైపు పాములా కొట్టుకుంటూ బావిలో పడుతుంది, కింద తల దాచుకునే చోటు లేదు.

"బావా, నువ్వు గూడ కొట్టు!"

"రాడ్డు ఇరుక్కుందని చెప్పిన గదనే."

"రాడ్డు ఇడిచి ఖాళీగ కొట్టు!"

"పిచ్చి లేసిందా పిల్లా? ఖాళీగ కొడితే హ్యామర్ పగుల్తది!"

ఆయన తప్పు అనలేదు. రాడ్డు లేకుండా హ్యామర్ కొట్టకూడదన్నది ఆ పనిలో మొదటి పాఠం. అంతలో శివప్ప పటేల్ మీటరు దగ్గరికి వచ్చి చూశాడు. ముల్లు చదవడం ఆయనకు రాకపోవచ్చు, కానీ చెవిటి సామేలు మిషన్ కిందికి దూరడం చూశాడు. ఒడ్డుకు ఉరికివచ్చి అరిచాడు.

"పైకి రార్రి! మిషన్ పగుల్తది! ఇడిచిపెట్టి జల్దీ పైకి రార్రి!"

అది మంచి మనసుతో వేసిన కేక. ఎవరైనా అదే వేస్తారు. బావ ఒక చెయ్యి నిచ్చెన మీద వేశాడు. మల్లేశన్న హ్యామర్ చప్పుడు తడబడింది. ఇద్దరూ వదిలేసి నిచ్చెన ఎక్కితే గాలి పోయే దారి మొత్తం మూసుకుపోతుంది, వాళ్లు ఆ ఉబ్బిన పైపుకు ఇంకా దగ్గరగా వస్తారు. ఇదంతా చెప్పే సమయం లేదు. మా అక్క భర్తకు, మల్లేశన్నకు బావి అడుగుననే ఉండమని చెప్పాలి. నేను చదివింది తప్పయితే వాళ్లు అక్కడే పోతారు.

"రావొద్దు! ఎక్కొద్దు! కొట్టుర్రి!"

"పిల్ల మాట ఇనకుర్రి, రార్రి!" అని పటేల్.

బావ తల ఎత్తాడు. ఆయన కాలు మొదటి మెట్టు మీద ఉంది. అక్క పెండ్లి నాటి నుంచి ఆయనను బావా అని తప్ప ఇంకో తీరుగా పిలిచింది లేదు.

"ప్రకాశం! చెయ్యి తియ్యి! కొట్టు!"

నిచ్చెన మీద నుంచి చెయ్యి తీశాడు. వంగి, ఇరుక్కున్న రాడ్డు నుంచి హ్యామర్ విడిపించి, దాన్ని రెండు చేతులతో గుండెకు అదిమి పట్టుకుని నొక్కాడు. ఖాళీ హ్యామర్ చప్పుడు నేను అంతకుముందు వినలేదు. రాతి మీద పడే దెబ్బ చప్పుడు కాదు, ఇనుము తనను తాను కొట్టుకునే చప్పుడు. బావ పండ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు. నా పక్కన పైపు ఉబ్బు అంతకు మించి పెరగలేదు, తగ్గనూ లేదు. దాన్ని అరచేత్తో అదుముదామని చెయ్యి పెట్టి, ఎంత తెలివితక్కువ పనో అర్థమై వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు వెనక ఇంజను గొంతు మారింది. తిరిగి చూస్తే గుడ్డ జాలీ మీద నుంచి జారి వేలాడుతోంది. నాయిన తీగ కోశాడు. తీగ తెగగానే నొక్కుకుపోయిన రబ్బరు పైపు విచ్చుకుంది, ఆగిపోయిన గాలి తన రెండు దారుల్లో ఒకేసారి పోయింది, నోరు మూసుకుంది, కడ్డీ వెనక్కి నడిచింది. ఇంజను గర్జన నుంచి గురకకు దిగి, కాసేపటికి ఉన్న డీజిలు అయిపోయి ఆగింది. కింద రెండు హ్యామర్లూ మిగిలిన గాలిని తాగుతూ, నెమ్మదించి, ఒకదాని వెనక ఒకటి ఆగాయి. పైపు మీద ఉబ్బు కుంగింది.

నాయిన సందులో నుంచి బయటికి రాలేదు. నేనూ పటేల్ కాళ్లు పట్టి గుంజాం. తీగ అందుకోవడానికి ఆయన కుడి చెయ్యి వేడి గాలి పోయే ఇనుప గొట్టం మీద ఆనించాల్సి వచ్చింది. ఇంకో ఆధారం లేదు. కోసేదాకా తీయలేదు. అరచేతి తోలు అక్కడే ఉండిపోయింది.

బావ పైకి వచ్చి మొట్టమొదట కోపం చేశాడు. "చూడు, పగిలింది" అని హ్యామర్ నా ముందు పడేశాడు. నిజంగానే నిలువునా చీలింది. ఆ తర్వాత అతుకు దగ్గర సాగిపోయి తెల్లబడిన పైపును చూశాడు. అక్కడే నేల మీద కూర్చున్నాడు. పటేల్ ఇంటికి మనిషిని పంపి కొబ్బరికాయ తెప్పించి మిషన్ ముందు కొట్టాడు. మేం దాని చెక్క కూడా తీసుకోకుండా నాయినను మిషన్ తెచ్చిన ట్రాక్టరు మీదనే దవాఖానకు తీసుకుపోయాం.

చెయ్యి మానింది. కానీ కొత్తగా వచ్చిన తోలు మందంగా, నున్నగా వచ్చింది, దానికి ఏమీ తెలియలేదు. కట్టు విప్పిన రోజు నాయిన మిషన్ నడిపించి ట్యాంకు మీద అరచేయి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచి, ఎడమ చెయ్యి పెట్టాడు. తర్వాత నా ముఖం చూశాడు. ఆ చూపు మీద ఒక ఎండాకాలం నడిచింది మా కంప్రెసర్. నేను ఒక్క కేక వినకపోతే, ఒక్కసారి గుడ్డ చూడకపోతే ఏమవుతుందని ఇద్దరికీ తెలుసు. మరుసటి ఏడు అమ్మేశాడు. ఇంట్లో మా అమ్మ చాయి పోసే గిలాస మార్చింది. వేడి గిలాస పట్టుకుని, కాలుతున్నట్టు తెలియక, మాటల్లో పడి అట్లాగే పట్టుకుని కూర్చునేవాడు. అందుకని ఆమె చాయిని రెండు గిలాసల మధ్య ఆరబోసి, ముందు తన చెంపకు ఆనించి చూసుకుని ఇచ్చేది. చివరి దాకా అంతే.

ఇప్పుడు నేను, బావ కలిసి ఖేడ్‌లో మోటార్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాం. చేతి బావులు తవ్వేవాళ్లు లేరు. పోయిన నెల మా వీధిలో రోడ్డు పగలగొట్టడానికి కొత్త కంప్రెసర్ ఒకటి వచ్చింది. చుట్టూ రేకు తలుపులు, ముందు చిన్న తెర, అంకెలు. కూలివాళ్లు హ్యామర్ ఆపగానే బుద్ధిమంతుడిలా గొంతు తగ్గించుకుంది. నడిపే అతను నీడలో ఫోన్ చూసుకుంటున్నాడు. రెగ్యులేటర్ పైపు ఎక్కడుందని అడిగాను. "నాకేం ఎరుక మేడం, ఏమన్న అయితే అదే బంద్ అయితది" అన్నాడు. తలుపు తీయించి వెతికి చూపించాను. అతనికి చెవులు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, అది చాలా మంచి సంగతి. మా కాలం గొప్పదని నేను అనను. మిషన్ తనను తాను ఆపుకోగలగడం మా నాయిన అరచేతి కంటే గొప్పదే. కానీ మేం ఆ మిషన్‌తో పాటు ఊపిరి పీల్చేవాళ్లం, అది ఊపిరి ఆపకపోతే మాకు ఊపిరాడేది కాదు. రోడ్డు పని సాగినన్ని రోజులు, అంత మెత్తగా నడిచే మిషన్ పక్కన కూడా నేను పుస్తకం తెరిచి ఒక్క పేజీ చదవలేకపోయాను.

ఇది నా ఒక్కదాని జ్ఞాపకంతో పూర్తి కాలేదు. ఏ పుస్తకానికైనా దుమ్ము దులిపి ఇచ్చిన గఫూర్ సార్‌కు నా సలాం. చెంబు ఎందుకు పారేయాలో అడగకుండా పారేసిన మల్లేశన్నకు, ఇప్పుడు నడుము నొప్పితో మంచంలో ఉండి కూడా హ్యామర్ పట్టు ఎట్లా ఉండేదో దుప్పటి మీద చూపించినందుకు, నేను రుణపడి ఉన్నాను. శివప్ప పటేల్ ఇప్పుడు లేడు. ఆ రోజు ఆయన మంచం వదిలి పారిపోలేదు, మా నాయిన కాళ్లు పట్టి గుంజిన చేతుల్లో రెండు ఆయనవే. అది ఆయన పిల్లలకు తెలియాలని రాస్తున్నాను. మా అమ్మ రూతమ్మ తన సైగల్లో నేను మరిచిపోయినవి గుర్తుచేసింది. మా అక్క మరియమ్మకు ఆ రోజు ఆమె భర్తను బావిలోనే ఉండమన్నది నేనని ఇన్నేండ్లూ ఎవరూ చెప్పలేదు. ఇది చదివి ఆమె ఒక పూట నాతో మాట్లాడలేదు, రెండో పూట అన్నానికి పిలిచింది. ఆ పిలుపుకు ఏమని కృతజ్ఞత చెప్పాలో నాకు రాదు.

ప్రకాశం బావ అద్దాలు పెట్టుకుని దుకాణంలో కూర్చుని మొత్తం చదివాడు. "అంత మంచిగనే ఉంది. ఒక్కటి తక్కువైంది" అన్నాడు. నేను ఆయనను పేరు పెట్టి పిలిచిన సంగతి తీసేయమంటాడేమో అనుకున్నాను.

"నీ రాతల నేను పండ్లు బిగించి కొట్టిన అని ఉంది, గంతే. బాయిల కెల్లి పైకి చూస్తే మీ ఇద్దరి తలకాయలు నల్లగ కనబడ్డయి, మొఖాలు కనబడలే. ఎవల మాట ఇనాలెనో తెల్వలే. నాకు భయమైంది సువార్తా. మస్తు భయమైంది. అయినా నిచ్చెన ఇడిచిన. గది రాయి."

రాశాను బావా.